నీళ్లు వదిలే రోజు

నీళ్లు తోడేసిన డాక్‌లో దిమ్మెల మీద సర్కారు ఓడ నిలబడి ఉంది. దాని కిందే, రిపేరు పనులు పంచే ఆఫీసరుకి బావమరిది అడ్డం తగిలాడు. ఈ గొడవ తప్పదని ఆఫీసరుకి పొద్దున్నే తెలుసు, భార్య కాఫీ గ్లాసు బల్ల మీద టక్కుమని పెట్టినప్పుడే.

“అడుగు ప్లేట్ల సబ్‌కాంట్రాక్టు ఆ వెల్డింగ్ షాపావిడకి ఇచ్చావట. సొంత బావమరిదిని, నేను నీ కళ్లకి ఆనలేదా బావా?”

“నీ పని చూశాకే ఆవిడకిచ్చాను.”

“పైకి ఫిర్యాదు పెడతాను. తర్వాత బంధుత్వం గుర్తు చెయ్యకు.”

“పెట్టుకో. మీ అక్క ఎలాగూ నాతో మాట్లాడటం లేదు.”

“ఇంతకీ నా పనిలో లోపమేంటి?”

“పోయినసారి ముందు భాగం నువ్వు అతికావు, వెనక భాగం ఆవిడ. డాక్‌లోకి నీళ్లు వదిలేటప్పుడు, అతికినవాళ్లు ఓడ లోపలికి దిగి, అడుగున తమ అతుకు పక్కనే నిలబడి ఊట వస్తుందేమో చూడాలి. ఆ రోజు నువ్వేమన్నావు?”

“మోకాళ్ల నొప్పులన్నాను. మనిషిని పంపించాను కదా.”

“ఆవిడ తనే దిగింది.”

“దిగితే? అదో గొప్పా?”

“సరే, పని నీకే రాస్తాను. నీళ్లు వదిలే రోజు నువ్వే దిగు. నీ పక్కన నేనూ నిలబడతాను.”

బావమరిది తలెత్తి, నెత్తి మీదున్న ఆ ఇనుప కడుపు కేసి చూశాడు. చెయ్యి దానంతటదే మోకాలి మీదికి పోయింది.

“ఏం, దిగుతావా?”

“నువ్వు మాత్రం దిగకు బావా. నీకేమన్నా అయితే అక్క నన్ను బతకనివ్వదు.”