తుడవడం మరిచిన పొద్దు

గోదావరిఖని బొగ్గుగని క్వార్టర్లో, డ్యూటీ దిగి వచ్చిన భర్త కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సంధ్యారాణి వెనకనుంచి రెండుసార్లు పిలిచినా పలకలేదు. భుజం తట్టింది.

“బావా, మళ్ల క్లీనర్ పెట్టినవా?”

“ఆఁ. మనం చూసిన పేజీల గుర్తులు, గా కుకీలు, తీసెయ్యకపోతే కంప్యూటర్ స్లో అయితది.”

“రోజూ తీస్తున్నవ్. ఇయ్యాల పొద్దున తొందరల మర్చిపోయినట్టున్నవ్. నేను ఏ పేజీ తెరిచినా చెవి మిషన్ల యాడ్లే.”

“గవి అందరికీ వస్తయ్.”

“మనం వెతికినవే వస్తయని నువ్వే చెప్పినవ్ గద.”

అతను తెరమీంచి చూపు తిప్పలేదు.

“ఎప్పటిసంది వినవడ్తలేదు బావా?”

“ఎడమ చెవి ఒక్కటే. కుడిది మంచిగనే ఉంది. ఫికర్ చెయ్యకు.”

“గనిల పైకప్పు కూలేముందు సప్పుడైతదంటవు. గా సప్పుడు వినవడ్తదా?”

“తోటోళ్లు కేకేస్తరు.”

“ఆ కేకన్న వినవడ్తదా?”

అతను మౌస్ కదిలిస్తూనే ఉన్నాడు. తన ప్రశ్న అతనికి వినబడిందో లేదో కూడా సంధ్యారాణికి తెలియలేదు. ఎదురుగా వచ్చి నిలబడి, గట్టిగా అంది.

“రేపు డ్యూటీ వద్దు. దవాఖానకు పోదాం.”

“అన్‌ఫిట్ అని రాస్తే మళ్ల గనిలకు దిగనియ్యరే.”

“దిగనియ్యకపోతే మానె. పైన ఏ పనిచ్చినా చేద్దువు. నువ్వు ఇంటికి రావాలె, గంతే.”

 అతను కంప్యూటర్ ఆపేశాడు.

“పొద్దుగాల నువ్వే లేపు,” అన్నాడు మెల్లగా. “అలారం మోగుడు నాకు వినవడక శాన రోజులైంది.”