రుమాలు ఊపితే చాలు

1978. హుస్సేనీ ఆలంలోని ఒక ఆడపిల్లల బడి. మైదానం అంచున డ్రిల్లు టీచరూ, తొమ్మిదేళ్ల రంగనాయకి తండ్రీ నిలబడి మాట్లాడుకుంటున్నారు.

"మీ అమ్మాయికి విజిల్ పడదండీ. ఊదగానే చెవులు మూసుకుని గోడ దగ్గరికి పరిగెత్తేది. అందుకే విజిల్ మానేసి, రుమాలు ఊపుతున్నాను."

"మంచిగ చేసిన్రు టీచరమ్మా."

"వరసలో పిల్లలు తగిలితే ఏడ్చేది. తనకొక్కదానికే వేరుగా సున్నంతో గీత గీశాను. రెండు నెలలు దాని పక్కన ఊరికే కూర్చుంది. ఇవాళ లేచి, ఆ చివరిదాకా నడిచిందండీ!"

"గట్లనా."

"మీకు సంతోషంగా లేదా?"

"ఏమనిపిస్తలేదమ్మా. ఇప్పుడే పెద్ద టీచరమ్మ పిలిచి టీసీ చేతుల పెట్టింది. అక్షరాలు వస్తలేవు, మాట్లాడది, ఇంట్లనే ఉంచుకోండ్రి అన్నది."

"నాతో ఒక్క మాటైనా అనలేదే! మీరేమన్నారు?"

"ఏమంట? ఇది మూడో బడి. మొదటి బడిల లొల్లి చేసిన, రెండో బడిల బతిమాలిన. ఈడ సంతకం పెట్టి తీస్కున్న, అంతే."

టీచరు చేతిలోని రుమాలుతో మైదానం వైపు చూపించింది.

"అదిగో, ఇంకా నడుస్తూనే ఉంది. పిలవమంటారా?"

"వద్దు. పీరియడ్ అయ్యేదాంక ఉండనియ్యిండ్రి. బిడ్డ ఆడంగ నేను ఎన్నడు జూడలే."