నాయన కోటు జేబులో తాళం

రేణిగుంటలో రోడ్డు పక్కన ఆగిన కారులో కూర్చుని, తాళాలు చేసే భాయ్ దానికి తన మిషన్ తగిలించాడు. కొత్త రిమోట్ తాళం కోసం ఒకామె డోరు దగ్గర నిలబడి ఉంది.

“పోయిన తాళాన్ని కారు మెమరీలోంచి చెరిపేస్తానమ్మా. లేకుంటే దొరికినోడు కారెత్తుకుపోతాడు.”

“అది ఎవురికీ దొరకదు భాయ్. నాయన కోటు జేబులో ఉండాది.”

“అయితే అడిగి తెచ్చుకోమ్మా. కొత్తది ఎందుకు?”

“మొన్న సమాధి చేసినాం. ఆదివారం చర్చికి ఏసుకునే కోటే తొడిగినాం. జేబు ఎవురమూ చూసుకోలేదు.”

అతని వేలు మిషన్ మీద ఆగిపోయింది.

“చెరిపేస్తే, ఆయన తాళానికి ఈ కారు ఇంక పలకదా భాయ్?”

“పలకదమ్మా.”

అతను మిషన్ మీంచి వేలు తీసేశాడు.

“చెరపనులే తల్లీ. ఈ కారు నాలుగు తాళాలను గుర్తు పెట్టుకుంటాది. మొదటిది ఆయనదే. నీది రెండోదిగా ఎక్కిస్తా.”