దిగిరాని రాయి

కొండచరియ విరిగిపడి కొత్త దారి మూసుకుపోవడంతో, హిమాలయాల్లోని గద్దీ తెగ కాపరి ముసలాయన కోడలితో, మేకలతో పాత కనుమదారి పట్టాడు. అటు ఎవరూ నడవక తొమ్మిదేళ్లు.

“అంతా గడ్డే మామా, దారేదీ?”

“అదిగో రాళ్లగుట్ట. ఉన్ని కట్టి నీ రాయి కూడా పెట్టు.”

“దిగేటప్పుడు ఎవరి రాయి వాళ్లు తీసేస్తారుగా, మరి ఇదొకటి ఉండిపోయిందేం?”

“ఎవరిదో చూడు.”

“నల్ల ఉన్ని. మీ అబ్బాయికి నేను వడికిచ్చిందే! ఈ దారిన ఆఖరున ఒక్కడే ఎక్కాడు. దిగొచ్చి చంబా పట్నంలో ఎవత్తెతోనో కాపురం పెట్టాడన్నారుగా?”

“అన్నారమ్మా. నేనూ నమ్మాను.”

“తొమ్మిదేళ్లు నోరారా తిట్టాను మామా.”

“ఏడవకు.”

“నా రాయి దీని పక్కనే పెడతాను.”

“పెట్టు. దిగేటప్పుడు మాత్రం నీది తీసుకుంటానని నాకు మాటివ్వు తల్లీ.”