తొండానికి రెండు ‘ఆగు’లు

‘ఏదో ఒకటి తీసెయ్, సోమవారం బాబాయికి ఇచ్చేద్దాం’ అంట. ఎంత తేలిగ్గా రాసిచ్చావ్‌రా అమ్మ చేతికి. దవడ రెండు చోట్ల విరిగింది. పై పళ్ళూ కింది పళ్ళూ కలిపి తీగలు బిగించేశారు. స్ట్రాతో సూప్ పీలుస్తున్నావు. అయినా ఆ తొందర మాత్రం పోలేదు నీకు.

ఏంటి తడుముతున్నావ్? పెన్నా? పెన్ను నా సంచిలో ఉంది. నీ ఫోనూ అక్కడే ఉంది. ఇవాళ నువ్వేమీ రాయవు. నీకు అక్కనై పుట్టినందుకు ఒక్క రోజైనా నా మాట చివరిదాకా వింటావు. లేవకు, దిండు జారిపోతోంది. ఉండు, నేను సర్దుతా. తల కొంచెం ఎత్తు. ఆఁ, చాలు.

కోపంగా లేనురా. అబద్ధం, కోపంగానే ఉన్నా. మెట్లెక్కి వస్తూ తిట్లన్నీ వరసగా పేర్చుకున్నా. నర్సమ్మ ఎదురొచ్చి, పేషెంటుని ఎక్కువ మాట్లాడించకండి అంది. వాడు మాట్లాడే ప్రమాదమేమీ లేదులెండి అన్నా.

అమ్మ వచ్చినవాళ్ళందరికీ ఏం చెబుతోందో తెలుసా? ఆ రోబో మా వాణ్ణి కొట్టింది అని. పక్క మంచం ఆయన భార్య అయితే, అలాంటివాటి జోలికి పోకూడదమ్మా అని సానుభూతి కూడా చూపించింది. కొట్టడానికి దానికి నీ మీద పగా? అది మనం చెప్పిందే చేసింది. తు.చ. తప్పకుండా చెప్పింది చెప్పినట్టు చేసింది. అదే నా ఏడుపు.

నిన్నిక్కడ చేర్పించిన మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళా. తలుపు తీస్తే అదే రబ్బరు వాసన, ముందున్న టైర్ల షాపుది. బల్ల కింద నీ చెప్పు ఒకటే ఉంది. తొండం తల వేలాడేసుకుని నిలబడి ఉంది. చూడగానే తన్నాలనిపించింది. తన్నలేదు.

ఎలా తంతాను? బాబాయి మంచం పక్కన నిలబడాల్సింది కదా అది. ఏనుగు తొండంలా ఉందని పిన్నే కదా పేరు పెట్టింది. మంచాన పడ్డ బాబాయిని రోజూ చంకల కింద చేతులేసి లేపి, కుర్చీలోకి మార్చీ మార్చీ, ఇప్పుడు ఆవిడే వంగితే లేవలేకపోతోంది. ఆవిడ నడుం కోసం కాదూ మనం ఇదంతా మొదలెట్టింది? మంచం మీంచి మనిషిని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టే చెయ్యి. అంతకు మించి ఏమీ కాదు. ఆ చెయ్యే నిన్ను తెచ్చి మంచం మీద పడేసింది.

సరే, ఏం జరిగిందో చూద్దామని కంప్యూటర్ తెరిచా. పాత బిల్డంతా తుడిచేసి, మనిద్దరి ఫైళ్ళూ కలిపి ప్రోగ్రామ్ మొదట్నుంచీ మళ్ళీ బిల్డ్ చేశా. ఒక్క ఎర్రర్ లేదు. హెచ్చరిక కూడా లేదు. నున్నగా అయిపోయింది. అక్కడే నాకు అనుమానమొచ్చింది.

ఎందుకంటే, నీ చెయ్యి పడ్డ ప్రోగ్రామ్ ఏనాడు నున్నగా బిల్డ్ అయింది చెప్పు? ఒకసారి సర్క్యూట్ బోర్డు మార్చి, కంప్యూటర్‌లో మాత్రం పాత బోర్డు పేరే ఉంచేసి, చిప్పు పాడైపోయిందని ఊరంతా తిరిగావు. ఇంకోసారి ఛార్జింగుకి తప్ప దేనికీ పనికిరాని కేబుల్ తగిలించి, బోర్డు కనపడట్లేదని నా మీద అరిచావు. లైను చివర సెమికోలన్ మింగేసి, తప్పు కింది లైనులో ఉందని పూటంతా వాదించావు. అవన్నీ నేను భరించా. ఎందుకు భరించానంటే, అవన్నీ అరిచే తప్పులు. ఎర్రటి అక్షరాలతో ముందే అరిచి, మిషనులోకి ఎక్కకుండా బల్ల మీదే ఆగిపోతాయి. అరిచే తప్పు ఎవరి దవడా విరగ్గొట్టదు.

ఏంటి, కళ్ళు మూసుకున్నావ్? నిద్రా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఈ నటనలు నా దగ్గరొద్దు. చూడు ఇటు.

‘ఆగు’ గురించి మనం ఎంత కొట్టుకున్నామో గుర్తుందా? ఎర్ర బటన్ నొక్కితే తొండం ఏం చెయ్యాలి? నేనన్నా, ఉన్నచోటే బిగుసుకుని నిలబడాలి, బాబాయి గాల్లో ఉన్నప్పుడు ఎవరైనా నొక్కితే మనిషి దబ్బున కింద పడకూడదు అని. నువ్వన్నావు, మోటార్లకి కరెంటు పోవాలి, చెయ్యి మెత్తబడాలి, మధ్యలో ఎవరైనా ఇరుక్కుంటే తోసుకుని బయటికి రావాలి అని. నేను ఒప్పుకోలేదు, నువ్వూ ఒప్పుకోలేదు. టీలు చల్లారిపోయాయి. టైర్ల షాపు వాళ్ళు తొంగి చూశారు. చివరికి నువ్వు చేతులు దులుపుకుని, ‘సరేలే, నీ ఇష్టం అక్కా’ అన్నావు.

నేను గెలిచాననుకున్నా. పిచ్చిదాన్ని. చిన్నప్పుడు నాన్న చదువుకోరా అంటే ‘సరే నాన్నా’ అని పుస్తకం తెరిచి, దాని చాటున రేడియో విప్పుకుంటూ కూర్చునేవాడివి కదూ. నీ ‘సరే’ ఎలాంటిదో ఈ ప్రపంచంలో నాకు కాక ఎవరికి తెలియాలి?

వెతికా. ప్రోగ్రామంతా ‘ఆగు’ అన్న పేరు ఎక్కడెక్కడుందో వెతికా. నా ఫైల్లో నాది ఉంది. నీ ఫైల్లో నీది ఉంది. ఒకే పేరు, రెండు పనులు. నాకు కాసేపు బుర్ర పనిచెయ్యలేదు. ఇలా ఉంటే అసలు బిల్డే కాకూడదు కదా? ‘ఈ పేరుతో ఇంకోటి కూడా ఉంది, ఏది కావాలో మీరే తేల్చండి’ అని కంప్యూటర్ ఏడ్చి గోలపెట్టాలి కదా? అనుమానం తీరక నేనే కావాలని ఇంకో ఫైల్లో మూడో ‘ఆగు’ రాసి చూశా. నోరెత్తలేదు. బుద్ధిమంతురాల్లా బిల్డ్ చేసేసింది. ఆ మూడోది తీసేశా.

అప్పుడు సెట్టింగులు తెరిచి చూస్తే కనపడింది, నువ్వు చేర్చిన లైను. ఒకే పేరు రెండుసార్లున్నా పర్లేదు, గొడవ చెయ్యకు, వరసలో ముందొచ్చింది తీసుకో అని. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా? ఎర్రర్ వచ్చినప్పుడు పక్క కుర్చీలోనే ఉండుంటాను కదరా. ‘అక్కా, ఇలా వస్తోంది చూడు’ అనడానికి నోరు రాలేదా? అప్పుడు తీగలేమీ లేవే నీ నోటికి?

అంటే మళ్ళీ గొడవవుతుందని. అంతేగా? కుక్క అరుస్తోందని మూతికి తాడు కట్టేశావు. గొడవైతే ఏం పోయేది? మహా అయితే రెండ్రోజులు మాట్లాడుకోం. ఇప్పుడు చూడు, నెలన్నర దాకా నోరు విప్పొద్దన్నాడు డాక్టరు.

నీ ఫైలు వరసలో ముందుండేది కాబట్టి మొన్నటిదాకా నీ ‘ఆగు’ నడిచింది. నాకెలా తెలుస్తుంది? ఖాళీగా ఉన్న చెయ్యి గేర్ల బిగువుకి ఎలాగూ అక్కడే నిలబడుతుంది. చూడ్డానికి రెండు ‘ఆగు’లూ ఒక్కటే. బటన్ నొక్కి, చూశావా నా పద్ధతి ఎంత బాగుందో అని నీకే గొప్పలు చెప్పా. నువ్వు నవ్వావు. అవునక్కా అన్నావు. ఆ నవ్వు తల్చుకుంటేనే ఒళ్ళు మండిపోతోంది.

అమ్మకి చెప్పా ఇదంతా, ఆవిడ కూరలు తరుగుతుంటే. ఒకే మాటకి వాడో అర్థం నేనో అర్థం రాసుకున్నామమ్మా, కంప్యూటర్ అడగబోతే వాడు దాని నోరు మూశాడు అని. అమ్మ కత్తి పక్కన పెట్టి, ‘మరి మీరిద్దరూ పక్కపక్కనే కదే కూర్చునేది?’ అంది. అంతే అంది. మళ్ళీ తరగడం మొదలెట్టింది.

ఆ వేలెందుకు నా వైపు చూపిస్తున్నావ్? నా సంగతా? వస్తున్నా, అక్కడికే వస్తున్నా. వేలు దించు ముందు.

నీకు దెబ్బ తగిలిన రోజు పొద్దున నేను ఫైళ్ళు సర్దా. జాగ్రత్తకి సంబంధించింది అన్నిటికంటే ముందుండాలని, నా ఫైలుని వరసలో పైకి జరిపా. నీకు చెప్పానా? చెప్పలేదు. ఇంత చిన్న సర్దుడుకి చెప్పడమేంటి అనుకున్నా. బిల్డ్ అయింది. కూనిరాగం తీసుకుంటూ బోర్డుకి ఎక్కించా. ఆ క్షణం నుంచీ తొండంలో ఉన్నది నా ‘ఆగు’. నువ్వు నీదే ఉందనుకుంటున్నావు. నీది ఒకటుందనే సంగతి నాకు తెలీదు.

ఆ ధీమాతోనే కదరా తలకాయ తీసుకెళ్ళి తొండం కింద పెట్టావు. గడ్డం బల్ల అంచుకి ఆనించి, ‘నడుపక్కా, కిర్రుమనేది ఎక్కడో చూస్తా’ అన్నావు. ఒకవేళ ఇరుక్కున్నా అక్క బటన్ నొక్కుతుంది, చెయ్యి మెత్తబడుతుంది, తోసుకుని వచ్చేస్తా అనుకున్నావు. అవునా కాదా? తలూపకు, తీగలు లాగుతాయి. కళ్ళతో చెప్పు చాలు.

అవును. నాకు తెలుసు.

ఇప్పుడు చెప్పేది అమ్మకి చెప్పలేదు. తొండం దిగింది. నువ్వు అరిచావు. నేను బటన్ నొక్కా. ఆగింది. ఆగి, నీ దవడ మీద అలాగే బిగుసుకుని నిలబడింది. ఆగలేదేమో అనుకుని మళ్ళీ నొక్కా. మళ్ళీ మళ్ళీ నొక్కా. నొక్కినప్పుడల్లా అది నా మాటే విందిరా. కదలకు అన్నా, కదల్లేదు. నువ్వు కాళ్ళు తన్నుకుంటున్నావు. పట్టు వదలొద్దని నా చేత్తో నేనే దానికి చెబుతూ నిలబడ్డా.

చివరికి ప్లగ్గు పీకా. కరెంటు పోయింది, చెయ్యి మెత్తబడింది, పైకి తోసి నిన్ను ఇవతలికి లాగా. ప్లగ్గు పీకడమంటే ఏంటి? నువ్వు రాసిన ‘ఆగు’ అదే కదా. నేను రాసింది నిన్ను పట్టుకుంది, నువ్వు రాసింది నిన్ను వదిలింది. అది గుర్తొచ్చినప్పుడల్లా నీ మీద ఎంత కోపమొస్తుందో చెప్పలేను. నువ్వు కరెక్టయినందుకు కూడా నీ మీదే కోపం.

సంబరపడకు. నువ్వు పూర్తిగా కరెక్టేమీ కాదు. బాబాయి గాల్లో ఉండగా నీ ‘ఆగు’ నడిస్తే ఏమవుతుందో చూద్దామని నిన్న ఇసక బస్తా కట్టి ఎత్తించి, నీదే నడిపించా. బస్తా నేల మీద పడి పగిలింది. షెడ్డంతా ఇసక. ఊడ్చే ఓపిక లేక వదిలేసి వచ్చా. ఆ బస్తాని చూస్తుంటే బాబాయే కనిపించాడు.

అందుకే నీ లైను తీసేశా. తీయగానే అరిచింది, ‘రెండున్నాయి, ఏదో తేల్చండి’ అని. స్క్రీను మీద ఆ ఎర్రర్ అలాగే ఉంది. అలాగే ఉంచా. పిన్ని ఫోన్ చేసి, సోమవారం తెస్తున్నారా అమ్మా అంది. వాడు లేచాకే తెస్తామన్నా. సర్లే, ముందు పిల్లాడు కోలుకోనీ అంది. ఫోన్ పెట్టెయ్యడం మర్చిపోయి బాబాయిని లేపబోయినట్టుంది, ఆవిడ మూలుగు వినపడింది. ఆ మూలుగు నేనొక్కదాన్నే ఎందుకు వినాలి, నువ్వూ విను.

నీది తీసేస్తే నిమిషంలో బిల్డ్ అయిపోతుంది. నాది తీసేసినా అంతే. నాకు తెలీదా? తియ్యను. అది అడిగింది మనిద్దర్నీ. నేనొక్కదాన్నే జవాబు చెప్పేస్తే, నువ్వు చేసిన పనే నేనూ చేసినట్టు.

ఇదిగో పెన్ను. కాగితం మోకాలి మీద పెట్టుకో. మనిషి ఇరుక్కుంటే ఏం చెయ్యాలో నువ్వు రాయి. మనిషి గాల్లో ఉంటే ఏం చెయ్యాలో నేను రాస్తా. నాది తప్పయితే తప్పని రాయి. తిట్టు. పక్క మంచం ఆయన లేచి కూర్చున్నా సరే, గొడవపడు నాతో. ‘నీ ఇష్టం అక్కా’ అని రాశావంటే మాత్రం, ఆ దవడ మూడో చోట నేనే విరగ్గొడతా.