మిద్దె మెట్ల మీద టీ

“పెద్దమ్మా, బాల్కనీకి వల కట్టేవాళ్ళు వస్తా ఉండారు. ఈ పావురాలు గలీజు చేసి చంపుతా ఉండాయి కదా, అందుకే పిలిపించినాను. నాయన పొద్దున నన్ను టీ అడిగినాడు, టీ మానేసి ఏండ్లయింది. ఇస్తే ముట్టకుండా బయటికి పోయినాడు. ఏమైందంటావు?”

టీ అడిగినాడా? నిజంగా అడిగినాడా వాడు? అయ్యో నా తల్లీ... ఉండు, ఉండు. ముందు ఆ ఫ్యాను రవంత తగ్గించు. హోసూరులో ఫ్యాను వేసుకునేది యాడన్నా ఉందా? మా కాలంలో ఇంట్లో ఫ్యానే లేదు, ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకుంటా ఉంటిమి. ఇప్పుడు ఆ చలి యాడుంది, అదీ పోయె. సరే, తిరగనీలే. ఇట్ల వచ్చి కూర్చో.

మీ నాయన చెప్పడమ్మా. నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు వానికి మీసం కూడా సరిగ్గా రాలేదు. మరిదే గానీ, నాకు పెద్దకొడుకు మాదిరి. అందుకే ఇప్పటికీ వాడు, వీడు అంటాను, తప్పుగా తీసుకోవద్దు. నువ్వు నాలుగో అంతస్తులో కూర్చొని ఉండావే, సరిగ్గా ఈ చోటే మన పాత ఇల్లు. కింద మూడు గదులు, పైన ఉత్త మిద్దె. కాలనీలో అన్నీ అట్లాంటి ఇండ్లే. మిద్దె ఎక్కితే కొండ మీద గుడి గోపురం కనపడేది. ఇప్పుడు చూడాలంటే కొండ ఎక్కాల్సిందే.

అప్పుడు కంపెనీలు వచ్చి యాడెయాడి జనమో ఈడ చేరినారు. తమిళమోళ్ళు, కన్నడమోళ్ళు, సాయిబులు, మనోళ్ళు. ఆ ఇండ్లలో పిలకాయలంతా ఇరవై, ఇరవై రెండేండ్లోళ్ళు. షిఫ్టు దిగి ఇంటికొస్తే ఏం చేస్తారనుకున్నావు? పావురాలమ్మా, పావురాలు! ప్రతి మిద్దె మీదా మామిడికాయల పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి గూళ్ళు కట్టినారు. సాయంకాలమైతే చాలు, నోట్లో వేళ్ళు పెట్టి ఈలలే ఈలలు. ఒక్కొక్కడిది ఒక్కో ఈల. నేను వంటింట్లో పప్పు ఎనుపుకుంటా చెప్పేదాన్ని, ఇది మీ నాయనది, ఇది సెల్వంది అని. సెల్వం అంటే మన వెనక వీధి పిల్లోడు, మీ నాయనకు ప్రాణం. తమిళంలో తిట్టుకుంటారు, తెలుగులో రాజీ అవుతారు, అట్లాంటి జత.

వాళ్ళ వేషాలు చూడాల నువ్వు! జుట్టు మెడ మీద దాకా, కాలరు పైకి, ప్యాంటు జేబుల నిండా జొన్నలు. మీ నాయన ఆ జొన్నలు తియ్యకుండా నాకు ఉతకడానికి వేస్తాడు. మన బట్టలుతికే బండ పక్కన జొన్న మొలకలు వచ్చినాయంటే నమ్ముతావా? మీ పెద్దనాయన అయితే, “ఇంకేం, కోతకు మనుషుల్ని పిలవండి” అని ఎగతాళి.

వాళ్ళకు ఒక చట్టం ఉండె. ఇంకోరి పావురాయి మన గుంపులో కలిసి, మన మిద్దె మీద దిగిందంటే అది మనది. పట్టినోడిదే. పోగొట్టుకున్నోడు వచ్చి “నా పావురాయి ఇయ్యి” అని అడిగితే వాని మానం పోయినట్టే. అందుకని ఏం చేస్తాడు, గమ్మున వచ్చి మన మిద్దె మెట్ల మీద కూర్చుంటాడు. “ఒక టీ ఉంటే ఇస్తారా” అంటాడు. అంతే. వాడు టీ అడిగితే, టీతో పాటు పావురాయి తెచ్చి చేతిలో పెట్టాల. ఎంత పగ ఉన్నా సరే. ఆ టీలన్నీ కాచిందెవరు? నేను! ఒక్కోరోజు పాలు చాలక ఇంట్లో పెరుగు తోడెయ్యలేదు, మీ అవ్వ, అదే మా అత్త, నన్ను తిట్టని తిట్టు లేదు. తిడితే తిట్టింది. నాకు మాత్రం ఆ మెట్ల మీద నలుగురు కూర్చొని ఉంటేనే ఇల్లు ఇల్లు మాదిరి ఉండేది.

యాడ వదిలినాను? ఆ, మీ అమ్మ సంగతికి వస్తా ఉండాను. మీ అమ్మవాళ్ళది కృష్ణగిరి, మామిడికాయల మండీ. సంబంధం అంతా కుదిరింది, ఒక్క మాట కాడ ఆగింది. పావురాలు చేరిన ఇల్లు పాడుబడుతుందంట, ఆ పిచ్చి ఉన్నోడికి సంసారం పట్టదంట. మీ తాత, అదే మీ అమ్మ నాయన, తేల్చి చెప్పేసినాడు, పావురాలు పోతేనే పిల్లను చూపిస్తామని. మీ అవ్వ ఇంక ఊరుకుంటుందా? వారం రోజులు ఏడ్చి, అలిగి, చివరికి మీ నాయనను ఒప్పించింది. వాడు పెట్టెల్లో పావురాలన్నీ సర్ది, బస్సు మీద వేసుకొని, కృష్ణగిరి కూడా దాటి ఊత్తంగరైలో తెలిసినాయనకు ఇచ్చి వచ్చినాడు. దారికని నేను పులిహోర కట్టిచ్చినాను. మెతుకు ముట్టకుండా తిరిగి తెచ్చినాడమ్మా. ఆ రోజు మిద్దె మీద ఈల లేదు. ఎప్పుడూ “ఏం గోలరా ఇది” అనే మీ పెద్దనాయన కూడా సరిగ్గా అన్నం తినలేదు.

పావురాలకు కొత్త చోటు అలవాటు కావాలంటే నెల పైన మూసిపెట్టాల. మీ నాయన చెప్పే వచ్చినాడు. ఆ ఊత్తంగరై ఆయనకేం తెలుసు పాపం, రెండు రోజులు చూసి, గాలి తగలనీలే అని తలుపు తీసినాడు.

ఆ ఆదివారమే పెండ్లిచూపులు. నడవలో చాప పరిచి కూర్చోబెట్టినాము. మగోళ్ళ ఇల్లు చూడాలని పిల్లను కూడా పిలుచుకొని వాళ్ళే వచ్చినారు, ఏ ఊరి ఆచారమో ఏమో గానీ మీ తాత అట్లాంటి మనిషి. బోండాలు, కాఫీ. మీ తాత అడిగినాడు, “పావురాలు?” అని. మీ అవ్వ, “ఒక్క ఈక కూడా లేదన్నా, కావాలంటే మిద్దె ఎక్కి చూసుకోండి” అనింది. ఆ మాట నోట్లో ఉండగానే పైన దబదబమని రెక్కల చప్పుడు! మీ నాయన చేతిలో కాఫీ తొణికిపోయె. ఎర్రది ఒకటి, తోక తెల్లగా ఉండేది, అది కిటికీ మీద వాలి, లోపలికి తొంగి చూసి, తిన్నగా వచ్చి మీ నాయన ముందర చాప మీద కూర్చునింది. ఆకలి దానికి. బోండా ముక్కను పొడుస్తా ఉంది.

మీ తాత లేచి నిలబడినాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. అప్పుడు మీ అమ్మ, తల వంచుకొని కూర్చున్న పిల్ల, తల ఎత్తి మీ నాయననే అడిగింది. “వీటిని యాడ వదిలినారు?” అని. వాడు “ఊత్తంగరై” అన్నాడు. మీ అమ్మ వాళ్ళ నాయన వైపు తిరిగి, “నాయనా, అంత దూరం ఇచ్చేసినా తిరిగొచ్చినాయంటే, ఈ ఇంట్లో బాగా చూసుకొనుంటారు” అనింది.

అంతే. మీ తాత మళ్ళీ చాప మీద కూర్చున్నాడు. మీ అమ్మ నీకెప్పుడూ చెప్పలేదా? సిగ్గు దానికి. పెండ్లయిన తర్వాత మీ అమ్మే జొన్నలు చల్లేది, ఈల కూడా నేర్చుకునింది, మీ అవ్వ గుడికి పోయినప్పుడు మాత్రం వేసేది!

తర్వాత ఏముంది... రోడ్డు వెడల్పయె. బెంగళూరోళ్ళు వచ్చి స్థలాలు కొనిరి. పక్కన రెండంతస్తులు, ఎదురుగా నాలుగు. పావురాలు దిగడానికి మిద్దె కనపడక తిరిగి తిరిగి యాడో పోయేవి. పిలకాయలకు పెండ్లిళ్ళయినాయి, బిడ్డలు పుట్టిరి, ఒక్కొక్క మిద్దె మీద ఒక్కొక్క ఈల ఆగిపోయె. సెల్వం పనిచేసే కంపెనీ మూసేసినారు. ఊరు వదిలిపోయే రోజు వచ్చి మెట్ల మీద కూర్చొని, “అక్కా, ఒక టీ” అన్నాడు. ఆ రోజు వాని పావురాయి ఒక్కటి కూడా మన దగ్గర లేదు. మీ నాయన మిద్దె ఎక్కి, ఆ ఎర్రదాని పిల్లను తెచ్చి వాని చేతిలో పెట్టినాడు. నేను వంటింట్లో నిలబడి ఏడ్చినాను. ఇప్పటికీ సాయంకాలమైతే ఆ ఈలలు కావాలనిపిస్తుందమ్మా నాకు. ఎవరితో చెప్పుకునేది? చెబితే ముసలిదానికి మతి పోయిందంటారు.

మన ఇల్లు పడగొట్టినప్పుడు మన పావురాలను ఎవరికీ ఇయ్యలేదు, వదిలేసినాడు. అవి ఈ పునాది గుంత మీదనే తిరిగినాయి. సెంటరింగు ఇనుప కమ్ముల మీద కూర్చున్నాయి. గోడలు లేచినాయి, అంతస్తులు లేచినాయి, అవి మాత్రం పోలేదు. నువ్వు గలీజు అంటా ఉండావే, అవి వాటి మనవలో, మునిమనవలో. మీ అమ్మ పోయిన తర్వాత మీ నాయన పొద్దున లేచి మొదట చూసేది దేవుని పటం కాదు, ఆ బాల్కనీనే. నువ్వు నిద్రలో ఉంటావు, నీకు తెలీదు.

ఇల్లు నీది. నీ సొమ్ము పెట్టి కొన్న ఇల్లు. నీ కాడికి వచ్చి వల కట్టొద్దు అని వాడు నోరు తెరిచి అడగడు. వానికి తెలిసిన పద్ధతి ఒకటే. అందుకే టీ అడిగినాడు.

ఏడవకు, ఏడవకు. నీకు ఎవరు చెప్పినారు గనక. అదిగో, గంట కొడతా ఉండారు, వల కట్టేవాళ్ళేమో. ఏం చెప్పాలో నువ్వే చెప్పుకో, నేను చెప్పను. ఆ తర్వాత పాలు పొయ్యి మీద పెట్టు, వాడు కిందనే యాడో కూర్చొని ఉంటాడు, దూరం పోయే మనిషి కాదు. చల్లగా ఉండు తల్లీ. నీ ఇంటి నుంచి ఎవరు యాడికి పోయినా, పొద్దు గూకే లోపల ఇల్లు గుర్తుపట్టి వచ్చేట్టు ఉండాల... అల్లం రవంత ఎక్కువ వెయ్యి. వానికి అట్లయితేనే ఇష్టం.