ఆ మాస్కు దానికెందుకిచ్చావు?

మాస్కు దానికెందుకిచ్చావని అడుగుతున్నానయ్యా నెకులాయ్! కళ్ళు మూసుకుంటే వదిలేస్తాననుకున్నావా? ఆక్సిజన్ గొట్టం నీ ముక్కులో ఉంది, చెవుల్లో కాదుగా.

ఊఁ, వద్దు, నోరు మెదపకు. మాట్లాడించొద్దని డాక్టరమ్మ చెప్పింది. నేనే మాట్లాడతాను.

మొగుడూ పెళ్ళాలకి కలిపి ఒక్కటే మాస్కు. అదైనా తోట యజమాని, ఆ సారోగాడు, ఇచ్చాడా? మూతికి గుడ్డ కట్టుకోండి చాలన్నాడు. విట్టోరియా ఊరి సంతలో గొంతు పోయేదాకా బేరమాడి నేనే కొన్నా. పురుగుల మందు కొట్టే రోజు నీకు, మర్నాడు టమాటాలు కోసేటప్పుడు నాకు. అదీ మన ఒప్పందం. మధ్యలో ఈ మిరబెల ఎక్కణ్ణించి ఊడిపడిందీ?

పక్క వరసలో మొక్కలకి దారాలు కడుతోందట! పాపం, దగ్గిందట! దగ్గితే? ఆ ప్లాస్టిక్ పందిరి కింద దగ్గనిదెవరు? మనుషులు లోపలుండగానే మందు కొట్టిస్తాడాయె ఆ మహానుభావుడు. నేనూ ఏళ్ళ తరబడి దగ్గుతున్నా. ఎప్పుడైనా తిరిగి చూశావా?

దానికైతే నీ చేత్తో నువ్వే తగిలించావు! చివరి వరసలోంచి చూశానయ్యా. అంత నెమ్మదిగా నా జుట్టు ఒక్కసారైనా సర్దావా నువ్వు?

తర్వాత మాస్కు లేకుండా మందు కొట్టి నువ్వు నురగలు కక్కుతుంటే పాలు పట్టుకొచ్చిందీ అదే. మందు తలకెక్కితే పాలే విరుగుడని మన దేశంవాళ్ళందరి నమ్మకం కదా. నేనూ నమ్మాను. నా మొగుడికి అది తాగించడమేమిటని గ్లాసు లాక్కుని నేనే పట్టించా. చాలదని ఇంకో గ్లాసు. డాక్టరమ్మ తల బాదుకుంది. "పాలేమిటమ్మా! బట్టలు విప్పి, ఒళ్ళు కడిగి, వెంటనే తీసుకురావాలి గానీ!" దానితో పంతానికి పోయి నిన్ను చంపుకునేదాన్ని.

సారో ఏం చెప్పమన్నాడో తెలుసా? తాగి పడిపోయాడని చెప్పమన్నాడు! నేనా చెప్పేది? మందు డబ్బా తీసుకొచ్చి డాక్టరమ్మ బల్ల మీద పెట్టా. తానిచ్చిన గది ఖాళీ చెయ్యమంటాడు, అననీ.

పొద్దున మిరబెల వచ్చింది. గుమ్మంలోనే ఆపేశా. వెక్కి వెక్కి ఏడ్చింది. మూడో నెలటగా! మొగుడు జర్మనీలో ఉన్నాడాయె, ఎవరికీ చెప్పుకోలేదట. "వాంతులు చూసి అన్నే కనిపెట్టాడు అవురికక్కా" అంది. అన్నట, అన్న!

సరేనయ్యా. మంచి పనే చేశావు. కాదనను. తోటలో అందరూ నిన్నే మెచ్చుకుంటున్నారు.

మరి నేను?

నిరుడు నాకూ మూడో నెలే. అదే పందిరి, అదే మందు. కొట్టిందీ నువ్వే. ఆ రోజు వంతు నీది, మాస్కు నీ మూతికే ఉంది. నేను అడగలేదు, నిజమే. మిరబెల మాత్రం అడిగిందా? నా వాంతులు నీకు కనబడలేదా? ఆ వారమే కడుపు పోతే, "పోన్లే, మళ్ళీ పుడతార్లే" అని అటు తిరిగి పడుకున్నావు.

మిరబెల మీద కాదయ్యా నాకు కుళ్ళు. దాని కడుపులో ఉన్నదాని మీద. ఇంకా పుట్టనే లేదు, దానికి నీ ఊపిరి ఇచ్చేశావు. మన బిడ్డకి ఇవ్వలేదు.

ఇదిగో, ఏడవకు. ఎవరైనా చూస్తే నేనే ఏడిపించాననుకుంటారు.